బొగ్గు వర్తకుని ఉష్ణమాపకము

మన పట్టణములలో క్రొత్త సంవత్సరము రాగానే వర్తకులు ఖాతాదారులకు కేలండర్లు పంచుట అందఱెఱిగిన ఆచారమే. తేదీ చూచినప్పుడెల్ల వర్తకుని పేరు కంటబడును. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికాలోని చిన్న పట్టణముల బొగ్గు వర్తకులు కేలండర్లతో పాటు మఱియొక వస్తువును కూడ పంచిరి. అది రేకు పలకపై బిగించిన ఉష్ణమాపకము, అనగా థర్మామీటరు.

ఇట్టి ప్రచార వస్తువుల పరిశ్రమకు పుట్టినిల్లుగా ఒహాయో రాష్ట్రములోని కొషాక్టన్ పట్టణమును పేర్కొందురు. 1880 దశకమున అచట పత్రిక నడపిన జాస్పర్ మీక్, ఒక చెప్పుల దుకాణము పేరును గోనెగుడ్డ సంచులపై అచ్చువేసెను. ఆ సంచులు బడిపిల్లలకు ఉచితముగా పంచబడెను. పిల్లలు పుస్తకములతో పాటు దుకాణము పేరును కూడ ఊరంతయు మోసిరి!

బొగ్గు వర్తకుని కానుకలో ఇంతకంటె లోతైన యుక్తి కలదు. పలక నడుమ గాజుగొట్టము, ప్రక్కన ఫారన్‌హీట్ అంకెలు, పైన కంపెనీ పేరు, క్రింద టెలిఫోను సంఖ్య. గొట్టములోని ద్రవము 32 అంకెకు దిగినచో నీరు గడ్డకట్టు చలి వచ్చెనన్నమాట. ఇంటివారికి బొగ్గు జ్ఞప్తికి వచ్చు ఆ క్షణముననే వర్తకుని పేరు కన్నులయెదుట నిలుచును. పెక్కు కంపెనీలు శీతకాలమున బొగ్గును, వేసవిలో మంచుగడ్డలను అమ్మెడివి. ద్రవము దిగినను లాభమే, ఎక్కినను లాభమే!

అయినను దీనిని వట్టి వ్యాపార చాతుర్యమనరాదు. బండి నుండి నేలమాళిగలోనికి జాఱవిడిచిన బొగ్గును గృహస్థు మరల తూచి చూడలేడు. తూకము, నాణ్యము వర్తకుని మాట మీదనే ఆధారపడెను. కావున పలకపై అచ్చయిన పేరు ఒక విధముగ పూచీకత్తు. ఆ టెలిఫోను సంఖ్య తఱచు రెండు మూడంకెలే. ఎక్స్ఛేంజిలోని ఉద్యోగిని ఆ అంకె విని తీగ కలిపెడిది. అంత చిన్న ఊరిలో మోసము దాగదు.

1940 జనాభా లెక్కల ప్రకారము ఆ దేశమున నూటికి 55 ఇండ్లు బొగ్గుతో వెచ్చబడినవి. 1950 నాటికి ఆ సంఖ్య సుమారు 35కు, 1960 నాటికి 12కు తగ్గెను. ప్రకృతివాయువు గొట్టములలో వచ్చెను, చమురు వచ్చెను, మంచుపెట్టె స్థానమును విద్యుత్ యంత్రము ఆక్రమించెను. కొందఱు వర్తకులు చమురు వ్యాపారమునకు మాఱిరి. పెక్కుమంది దుకాణములు మూసిరి.

పెద్ద కంపెనీల చరిత్ర గ్రంథములకెక్కును. చిన్న వర్తకుని ఖాతాపుస్తకములు చెదలపాలగును. అట్టివాని ఉనికికి ఒక్కొక్కచో ఈ రేకుపలకయే మిగిలిన సాక్ష్యము. మన ఊళ్లలో మూతబడిన దుకాణముల గుడ్డసంచులు, పాత కేలండర్లు ఇట్టివే. ఉపాధ్యాయులు విద్యార్థులచే వానిని సేకరింపజేసి, ఆ వర్తకునెఱిగిన వృద్ధుల మాటలను వ్రాయించినచో, ప్రతి పాఠశాలకును తన ఊరి చరిత్ర లభించును. పాఱవేయక మునుపు ఒక్కమాఱు పేరు చదువుట మంచిది.