మరమ్మతు తర్వాత, ముందు నకలు

ముక్తేశ్వరంలో ఓ ఫొటో స్టూడియో ఉందనుకోండి. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఓ రోజు విండోస్ సగం లేచి ఆగిపోతుంది. ఫోల్డర్ తెరిస్తే బిగుసుకుపోతుంది. అప్పుడు చాలామంది విండోస్‌లోని మరమ్మతు సాధనం చెక్‌డిస్క్‌ను నడుపుతారు, లేదా విండోస్ మళ్ళీ ఎక్కిస్తారు. దయచేసి ఆ రెండూ చేయకండి.

డిస్కులో పళ్ళేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున రీడ్ హెడ్ తేలుతుంటుంది. అది ఒక్కసారి రాసుకుంటే పూత లేస్తుంది. ఆ పొడి ఇంకోచోట గీస్తుంది. చదవలేని సెక్టర్ తగిలితే డిస్కు దాన్నే పట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. కంప్యూటర్ బిగుసుకుపోయేది అందుకే. చెక్‌డిస్క్ ఇది చాలదన్నట్టు చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీదే దిద్దుబాట్లు రాస్తుంది.

డిస్కు టక్‌టక్‌మంటూ బయాస్‌లో కూడా కనిపించకపోతే హెడ్డే పోయి ఉండొచ్చు. దానికి ఏ సాఫ్ట్‌వేరూ పనిచేయదు. వరద నీళ్ళలో మునిగిన డిస్కూ అంతే. మామూలు డిస్కులకు గాలి ఆడే సన్నటి రంధ్రం ఉంటుంది, నీళ్ళు అందులోంచే లోపలికి పోతాయి. ఆరబెట్టి కరెంటు పెట్టొద్దు. ల్యాబ్‌కు పంపాలి.

డిస్కు కనిపిస్తూ, నెమ్మదిగానైనా చదువుతుంటే ఆశ ఉంది. వేరే కంప్యూటర్‌లో సిస్టమ్‌రెస్క్యూ అనే ఉచిత లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి దాంతో బూట్ చేయాలి. పాత విండోస్ లేవదు కాబట్టి డిస్కుకు అనవసరపు శ్రమ ఉండదు. పాత డిస్కును మౌంట్ చేయకూడదు, అంటే అందులోని ఫోల్డర్లు తెరుచుకునేలా కలపకూడదు.

సిస్టమ్‌రెస్క్యూలో ఉండే, డిస్కుకు నకలు తీసే ప్రోగ్రాం గ్నూ డీడీరెస్క్యూను ఆంటోనియో డియాజ్ డియాజ్ రాశారు. దాని ఆలోచనంటే నాకు ఎంతో గౌరవం. గోదావరి వరదలో లంకలకు వెళ్ళే పడవవాళ్ళు తెరుచుకోని ఒక్క తలుపు దగ్గరే పొద్దంతా నిలబడరు. అందినవాళ్ళను ఒడ్డుకు చేర్చి మళ్ళీ వెళ్తారు. డీడీరెస్క్యూ కూడా ముందు పాత డిస్కులోదాన్ని పెద్దపెద్ద ముక్కలుగా కొత్త డిస్కుకు లాగుతుంది. చెడ్డచోటు తగిలితే దాటేస్తుంది. మంచి భాగమంతా కొత్త డిస్కుకు చేరాకే వెనక్కొచ్చి చెడ్డచోట్ల అంచులు కొరుకుతుంది, చివరికి ఒక్కో సెక్టర్‌నూ గీకుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. కరెంటు పోయినా అక్కడినుంచే మొదలెట్టొచ్చు. అయితే ఆ ఫైల్‌ను మూడో డిస్కులో పెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్‌తో లేచిన లైనక్స్ ర్యామ్‌లో బతుకుతుంది, ఆపగానే అందులోవన్నీ పోతాయి. పాత డిస్కేదో కొత్తదేదో సీరియల్ నంబర్ చూసి మరీ డీడీరెస్క్యూకు చెప్పాలి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి ఫొటోల మీద పడుతుంది.

ఇక పనంతా నకలు మీదే. పార్టిషన్ పోతే టెస్ట్‌డిస్క్ వెతికిపెడుతుంది. ఫైల్ సిస్టమే చెదిరిపోతే ఫొటోరెక్ ఉంది. అది ఫోల్డర్లను పట్టించుకోకుండా, ప్రతి జేపెగ్ మొదట్లో ఉండే ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్ బైట్లను బట్టి ఫొటోలను ఏరుతుంది. పేర్లు మాత్రం పోతాయి, అంకెలే మిగులుతాయి. కెమెరా ఫొటోలోనే రాసి ఉంచిన తేదీలను బట్టి ఏ పెళ్ళిది ఏదో విడదీసుకోవచ్చు.