అమ్మకు చెప్పకుండా ఎక్కిన పడవ

"వెళ్తే వెళ్లావు గానీ పడవ మాత్రం ఎక్కకు" అని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. దీవులకు వెళ్లేదాన్ని పడవ ఎక్కొద్దంటే ఎలాగమ్మా అంటే, "విమానంలో దిగు, అక్కింట్లో నాలుగు రోజులుండు, మళ్లీ విమానం ఎక్కి రా. మధ్యలో సముద్రంతో నీకేం పని?" అంది. సరేనని తల మీద చెయ్యి పెట్టుకుని మరీ మాటిచ్చాను.

అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు లెండి. మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానప్పుడు నేను పదో తరగతి. మా పెంకులన్నీ ఎగిరిపోతుంటే మేమంతా వడ్లబస్తాల పక్కన ముడుచుకుని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీసి చూస్తే, చిన్నప్పట్నుంచీ చూస్తున్న కొబ్బరితోట అంతా దువ్వెనతో దువ్వినట్టు ఒక పక్కకే పడుకుని ఉంది. ఆ తర్వాత ఏడేళ్లకు అక్కని పోర్ట్ బ్లెయిర్ సంబంధం ఇచ్చారు. బావగారి తాతలు శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు. పెళ్లయిన మరుసటి ఏడాదే, 2004 డిసెంబరు 26న సునామీ. ఫోన్లు లేవు. ఐదు రోజుల వరకు అక్క ఉందో లేదో తెలియలేదు. ఆ ఐదు రోజులూ అమ్మ పొయ్యి వెలిగించలేదు. వాళ్ల ఇల్లు మెట్ట మీద ఉండబట్టి బతికిపోయారని ఆరో రోజున కబురొచ్చింది.

అందుకే ఇన్నేళ్లూ అక్కే వచ్చేది, మేం వెళ్లింది లేదు. మొన్న సంక్రాంతి వెళ్లాక మా వారికి సెలవు దొరకడంతో పిల్లలిద్దర్నీ తీసుకుని బయల్దేరాం. (ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మా అక్క నోట్లో మాత్రం ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే.) రెండు రోజులు సెల్యులార్ జైలు, బజారు అంటూ తిరిగాం. మూడో రోజు రాత్రి అన్నాలు తింటుంటే అక్క మెల్లిగా అంది, "ఏమే, ఇంతదూరం వచ్చి జాలీ బోయ్ చూడకుండా పోతావా?"

పేరు వింటే ఎవరో అల్లరి పిల్లాడనుకున్నాను. బోయ్ అంటే ఓడలకి దారి చూపించడానికి నీళ్ల మీద వదిలే తేలుడు గుర్తు అట. అది ఒక చిన్న దీవి పేరు. పోర్ట్ బ్లెయిర్‌కి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వాండూరు అనే ఊరుంది. అక్కడి సముద్రాన్నీ 15 దీవుల్నీ కలిపి 1983లో మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్ అని ప్రకటించారు. మొత్తం 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నేషనల్ పార్కంటే పులులూ జింకలూ అనుకుంటాం కదా, ఇక్కడ కాపాడేది నీళ్లకింద ఉన్న పగడపు దిబ్బల్ని. పదిహేను దీవుల్లో మనలాంటివాళ్లని రానిచ్చేది రెండింటికే. నవంబరు నుంచి మే దాకా జాలీ బోయ్, మిగిలిన నెలల్లో రెడ్ స్కిన్. ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి. రాత్రి ఉండనివ్వరు. సోమవారం సెలవు. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి, గుర్తింపు కార్డులు మర్చిపోకూడదు. ఇవన్నీ బావగారే చూసుకున్నారు.

నా ఒట్టు సంగతి చెబితే అక్క నవ్వలేదు. "సునామీ తర్వాత నేను ఏడాది దాకా సముద్రం వైపు తిరిగి చూడలేదే. తర్వాత చూడక తప్పలేదు, ఏ కిటికీ తీసినా అదేగా" అంది. ఆ మాటతో నేను అడ్డం చెప్పలేకపోయాను.

ఇక వంట. దీవి మీద హోటలూ లేదు, దుకాణమూ లేదు. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపాం, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేశాం. నేను అలవాటు కొద్దీ చిప్సు, బిస్కెట్లు, అరటిపళ్లు తలో ప్లాస్టిక్ కవర్లో కట్టి సంచిలో పెట్టాను. అక్క అన్నీ బయటికి తీసి స్టీలు క్యారియర్లోకీ గుడ్డ సంచిలోకీ మార్చేసింది. "నీ సంచి కాదే, ఆ గేటు దగ్గర నా పరువు పోతుంది" అంది. నిజంగానే వాండూరు జెట్టీ దగ్గర సంచులన్నీ విప్పించారు. నీళ్ల సీసాలకి లెక్క రాసుకుని డిపాజిట్ కట్టించుకున్నారు. తిరిగొచ్చాక అన్ని సీసాలూ చూపిస్తేనే డబ్బులు వెనక్కి. ఇంత జాగ్రత్తగా మన ఇళ్లలో సామాన్లు లెక్క పెట్టుకుంటే ఒక్క గరిటె కూడా పోదనుకున్నాను!

అక్కడికి వచ్చే దారిలో సిప్పీఘాట్ దగ్గర బావగారు కారు ఆపి చూపించారు. 2004 వరకు అవి పొలాలట. భూకంపానికి నేల కుంగి, సముద్రం నీళ్లు లోపలికొచ్చి అలాగే ఉండిపోయాయి. నాకు కాళ్లలో వణుకు అప్పుడే మొదలైంది. వాండూరు ఒడ్డున ఎండిన చెట్ల మోడులు, వాటి పక్కనే మొసళ్లున్నాయి జాగ్రత్త అని బోర్డు. "అమ్మ చెప్పింది నిజమే, నేనిక్కడే కూర్చుంటాను, మీరెళ్లిరండి" అన్నాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. అది నా మొహంలోకి చూసి, "అయితే నేనూ ఉండిపోతాను" అంది. ఎక్కడో గుచ్చుకుంది. భయం అమ్మ నాకిచ్చింది, నేను దానికిస్తున్నాను. లేచి పడవ ఎక్కాను. ఎక్కానంటే, మా వారు ఒక చెయ్యి, అక్క ఒక చెయ్యి పట్టుకుని ఎక్కించారు.

మొదటి అరగంటా కళ్లు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి సముద్రంలా లేదు, కాలవలా ఉంది. రెండు పక్కలా మడ అడవులు, అచ్చం మన కోరంగిలాగే. వేళ్లు నీళ్లలో కాళ్లు చాపినట్టు నిలబడి ఉన్నాయి. ఆ బురదగట్ల మీదే ఉప్పునీటి మొసళ్లు ఎండకి పడుకుంటాయట. మాకు కనబడలేదు. కనబడలేదని మా అబ్బాయికి కోపం, నాకు సంతోషం. ఒక కొమ్మ మీద తెల్లటి రొమ్ము ఉన్న సముద్రపు గద్ద మాత్రం కూర్చుని మమ్మల్ని తీరిగ్గా చూసింది.

గంట ప్రయాణమయ్యాక దీవి కనబడింది. అక్కడ జెట్టీ లేదు. పెద్ద పడవ ఆనితే పగడాలు విరిగిపోతాయని దూరంగానే ఆపేస్తారు. నడి నీళ్లలో ఆ పడవలోంచి చిన్న పడవలోకి దిగాలి. చిన్నదాని అడుగున గాజు పలక. నేను కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక సీటు మీదికి మడుచుకున్నాను. "కిందకి చూడు" అంది అక్క.

చూశాను. ఏం చెప్పను... ముందు బండరాళ్లనుకున్నవి కదిలే రంగుల చేపల మధ్య ఒక్కోటి ఒక్కో ఆకారం తేలాయి. జింక కొమ్ముల్లా కొన్ని, మెదడు మడతల్లా గుండ్రంగా కొన్ని, బోర్లించిన పుట్టగొడుగుల్లా కొన్ని. చిలుక ముక్కులాంటి నోరున్న పచ్చటి చేప ఒకటి పగడాన్ని కొరుకుతోంది. అది అలా కొరికి, అరిగించుకుని, వదిలిన పొడే ఈ దీవుల్లో తెల్లటి ఇసుకలో చాలా భాగం అని బావగారు చెప్పారు. ఒక పెద్ద ఆల్చిప్ప నీలం ఊదా కలిసిన పెదవులు తెరుచుకుని ఉండి, మా నీడ పడగానే మూసుకుంది. నారింజ రంగు మీద తెల్లపట్టీల చేపలు ఊగే వేళ్లలాంటి ఒక జీవి మధ్య దాక్కుని తొంగి చూశాయి. దోసకాయలా నల్లగా ఇసుకలో పడి ఉన్నది కూడా ప్రాణేనట! నా కాళ్లు ఎప్పుడు కింద పెట్టానో నాకే తెలీదు.

పగడం అంటే రాయి అనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇంటర్ చదివినా ఇది నా బుర్రకెక్కలేదు. బియ్యపుగింజలంత జీవులు వేలూ లక్షలూ ఒకచోట చేరి, సున్నంతో గూడు కట్టుకుంటూ పోతే అది పగడపు దిబ్బ. బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. అంటే నా కళ్ల ముందున్న బల్లంత దిబ్బ మా ముత్తవ్వకన్నా పెద్దది. మంగళసూత్రాల పక్కన మనం కట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి, ఎక్కువగా మధ్యధరా సముద్రంలోంచి వస్తుంది. అదీ ఇలాంటి జీవి కట్టుకున్నదే. నాకు తెలీకుండానే చెయ్యి మెడ దగ్గరికి పోయింది.

పడవ ఇంకో పక్కకి తిరిగింది. అక్కడ రంగు లేదు. కొమ్ములన్నీ విరిగి, కాష్ఠంలో మిగిలిన ఎముకల్లా బూడిదరంగులో గుట్టగా పడి ఉన్నాయి. పగడపు జీవి ఒంట్లో నాచులాంటిది కాపురముంటుందట. దాని వంటే దీనికి తిండి, రంగూ దానివల్లనే. నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే పస్తులతో చస్తుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. "పెళ్లైన కొత్తలో నేను చూసిందాంట్లో ఇప్పుడు సగం లేదే" అంది అక్క. ఆ గుట్ట మధ్యలోనే అరచేతంత కొత్త పగడం ఒకటి లేత గోధుమ రంగులో మొలిచి ఉంది. పడవ అతను తెడ్డుతో దాన్ని చూపించి, హిందీలో ఏదో అని నవ్వాడు. "ఇది కొత్త కోడలు" అన్నాడట.

ఒడ్డున మా వారూ అబ్బాయీ కళ్లద్దాలూ గొట్టాలూ తగిలించుకుని గైడు చెయ్యి పట్టుకుని నీళ్లలోకి వెళ్లారు. వాళ్ల కథ వాళ్లని అడగాలి. నేను మోకాళ్ల లోతు వరకూ దిగాను, నాకది చాలు. పులిహోర తింటూ ఇసుకలో ఒక అందమైన గవ్వ ఏరితే అందులోంచి కాళ్లొచ్చాయి! పరాయి గవ్వలో కాపురముండే పీత. ఒళ్లు పెరిగే కొద్దీ పెద్ద గవ్వ వెతుక్కుని మారుతుందట. మనం ఏరుకుపోతే దానికి అద్దెకి కూడా ఇల్లు దొరకదు. దాన్ని వదిలేశాను గానీ, తెల్లటి పగడపు ముక్క ఒకటి, చచ్చిందే కదా అని, పూజగదిలో పెట్టుకుందామని చున్నీ కొసన ముడేశాను. అక్క చూసింది. పిల్లల ముందు ఏమీ అనకుండా ముడి విప్పి, ముక్కని నా చేతిలోనే పెట్టింది. చచ్చినదైనా తేకూడదు, చట్టం ప్రకారం నేరం. అంతకన్నా, ఆ చచ్చిన ముక్క మీదే కొత్తది మొలుస్తుందట. నీళ్ల దాకా వెళ్లి వదిలేసి వచ్చాను.

మీరెవరైనా వెళ్తే చీర వద్దు, పంజాబీ డ్రెస్ హాయి. బాత్రూం పని వాండూరులోనే చూసుకోండి. మిగిలిన మెతుకు కూడా క్యారియర్లోనే వెనక్కి తేవాలి.

సాయంత్రం అమ్మ ఫోన్. "పడవ ఎక్కలేదు కదా?" అంది. "అక్కింట్లోనే ఉన్నాం అమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు అక్కింట్లోనే ఉన్నాం మరి. అమ్మ ప్రతివారం ఈ పత్రిక ముందు వంటల పేజీ, తర్వాత ఇవీ చదువుతుంది. శుక్రవారానికల్లా ఫోన్ వస్తుంది. ఈసారి ఫోన్ అమ్మాయి చేతికిస్తాను, అదే చెప్పుకుంటుంది.