గంట మ్రోగితే చాలునా?
ఇంటర్నెట్ ఫోనుకు అలారం తగిలించేవారికి నాలుగు మాటలు

కామసముద్రంలో మా మేనత్త ఒంటరిగా కాపురముంటున్నది. పిల్లలు బెంగుళూరులో ఉద్యోగాలు. ముసలి ప్రాణానికి రాత్రిపూట కాస్త ధైర్యంగా ఉంటుందని, ఒక అలారం పెట్టె కొని తెచ్చి నేనే స్వయంగా బిగించాను. పనివాడి అవసరం పడలేదు. తలుపు రెక్కకు అయస్కాంతపు బిళ్ళ, వరండాలో మనిషి కదలికను పసిగట్టే సెన్సారు, నడవలో సైరను. తలుపు తెరుచుకొన్నదంటే సైరను మ్రోగుతుంది. పెట్టె తనంతట తానే నాకు ఫోను చేస్తుంది. ఆ ఇంట్లో పాత రాగితీగ టెలిఫోను పోయి ఫైబరు మీద నడిచే ఇంటర్నెట్ ఫోను వచ్చింది. దానికే తగిలించి, ఒకసారి పరీక్షించి, సంతోషంగా తిరిగి వచ్చాను.

ఒక రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. పెరటి తలుపు గడియ సరిగా పడలేదు కాబోలు, గాలికి తెరుచుకొన్నది. మర్నాడు సంగతి తెలిసి, “అత్తా, అలారం మ్రోగలేదా?” అని అడిగాను.

“మ్రోగకేం నాయనా, చెవులు చిల్లులు పడేటట్లు మ్రోగింది. నీకే వినపడలేదు” అన్నది.

వచ్చింది గాలి గనుక సరిపోయింది. దొంగే వచ్చి ఉంటే? పైగా ఈ చుట్టుపక్కల రాత్రివేళ ఏనుగుల గుంపులు పొలాల మీద పడడం కద్దు. అటువంటి రాత్రి కేక విన్నా ఇరుగుపొరుగువారు బయటికి రావడానికి జంకుతారు. ఫోను ఒక్కటే దిక్కు. ఆ దిక్కే మూసుకొనిపోయింది.

ఎందుకిట్లా జరిగిందో చూద్దాం. పాత టెలిఫోనుకు కావలసిన కరెంటు మన ఇంటిది కాదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి సుమారు 48 వోల్టులు ఆ రాగితీగ మీదనే వచ్చేవి. అందుచేత ఇంట్లో దీపాలు ఆరినా టెలిఫోను పలికేది. ఫైబరు అన్నది గాజు పోగు. అది వెలుగును మోస్తుందే గాని కరెంటును మోయదు. గోడకున్న ఫైబరు పెట్టెకు మన ఇంటి కరెంటే ఆధారం. అది పోతే ఫోను మూగబోతుంది. అలారం పెట్టెలో దాని బ్యాటరీ దానికి ఉన్నది గనుక సైరను మ్రోగింది. కబురు మోసే దారి మాత్రం చచ్చి ఊరుకొన్నది.

మన ప్రాంతంవారికి ఇది కొత్త పాఠం కాదు. 1902లో శివసముద్రం నుండి 90 మైళ్ళకు పైగా తీగలు లాగి కోలారు బంగారు గనులకు కరెంటు తెచ్చారు. గనులలో లోతున ఉన్నవారు గంట కొడితే పైన ఇంజను నడిపేవానికి అది వినపడి తీరాలి. దాని మీదనే ప్రాణాలు ఆధారపడి ఉండేవి. గనులు 2001లో మూతపడినా ఆ పాఠం మూతపడలేదు. గంట విలువ మ్రోగడంలో లేదు, వినవలసినవాని చెవికి చేరడంలో ఉన్నది.

కాబట్టి ఇంటర్నెట్ ఫోనుకు అలారం తగిలించేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

మొదటిది, ఫైబరు పెట్టెకు, రౌటరుకు కూడ బ్యాటరీ ఉండాలి. ఇందుకోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. ఇన్వర్టరు ఉన్నవారు కూడ ఒకసారి మెయిను కట్టివేసి చూడాలి. ఇన్వర్టరు అందుకొనే ఆ రెప్పపాటులో కొన్ని రౌటర్లు ఆగి, మళ్ళీ మొదటినుండి లేస్తాయి. ఆ కొద్ది నిమిషాలు ఫోను ఉండదు.

రెండవది, కొన్ని అలారములు మాటలతో గాక కూతలతో కబురు పంపుతాయి. ఇంటర్నెట్ ఫోను మన గొంతును కుదించి, ముక్కలు చేసి పంపుతుంది. మాటలో ఒక ముక్క జారినా మనం అర్థం చేసుకొంటాం. కూత చెడితే అవతలి యంత్రానికి అర్థం కాదు. అందుచేత పలికే కబురు, లేదా ఊరక ఫోను మ్రోగించే పద్ధతి మేలు.

మూడవది, ఇంట్లోని పాత టెలిఫోను తీగలను ఇంటర్నెట్ ఫోనుకు వాడుకోదలిస్తే, ముందు వీధినుండి వచ్చే తీగను పూర్తిగా విడదీయాలి. దానిమీద కరెంటు మిగిలి ఉంటే కొత్త పెట్టె కాలిపోగలదు.

నాలుగవది, మన ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా ఊళ్ళోని ఫైబరు యంత్రాలకు కరెంటు లేకపోతే లాభం లేదు. రెండవ దారి కావాలి. సిమ్ము వేసే అలారములు అందుకే. అయితే 2జీ మాత్రమే తెలిసిన పాతరకం పెట్టెలో, 4జీ మాత్రమే నడిపే కంపెనీ సిమ్ము పనిచేయదు. రీఛార్జి గడువు దాటినా ఆ సిమ్ము ఉండీ లేనట్లే.

అయిదవది, ఆపద వేళ 112కు మొబైలు ఫోనునుండి చేయడమే క్షేమం. అమెరికాలో పిల్లలున్నవారు వారికీ ఒక మాట చెప్పండి. ఇంటర్నెట్ ఫోనునుండి కూడ 911 పలకాలని అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2005లో ఉత్తరువు చేసింది. కాని ఇల్లు మారినవారు కంపెనీ దగ్గర చిరునామా మార్పించకపోతే సహాయం పాత ఇంటికే పోవచ్చు.

ఇప్పుడు మా మేనత్త ఇంట్లో ఫైబరు పెట్టెకు బ్యాటరీ ఉన్నది, అలారములో సిమ్ము ఉన్నది, ఎదురింటివారి నంబరు కూడ అందులో ఎక్కించాం. వీటన్నిటికంటె గట్టి ఏర్పాటు ఆమె స్వయంగా చేసుకొన్నది. ప్రతి నెలా మొదటి ఆదివారం మెయిను కట్టివేసి పెరటి తలుపు తెరుస్తుంది. నేను ఫోనెత్తి “వినపడింది అత్తా” అనేదాకా తలుపు మూయదు.