సర్పి మానినా పోని మంట

సర్పిని కొన్నిచోట్ల అక్కి అని కూడా అంటారు. పొక్కులు నాలుగు వారాలలోపు ఎండి రాలిపోతాయి. కాని పెద్ద వయసువారిలో కొందరికి చర్మం మానిన చోటనే మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు నెలల తరబడి నిలిచిపోతాయి. చొక్కా తగిలినా ఓర్చుకోలేరు.

ఎప్పుడో వచ్చి పోయిన ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్లలో దాగి, వయసు మీరాక మళ్లీ లేవడమే సర్పి. అది నరాన్ని దెబ్బతీస్తుంది. పైన పుండు లేకున్నా దెబ్బతిన్న నరం నొప్పి కబురు పంపుతూనే ఉంటుంది. కనుక పుండు మాన్పే పూతలతో ఫలితం ఉండదు. మామూలు ఒళ్లునొప్పుల మాత్రలు కూడా దీనికి అంతగా పనిచేయవు. వాటినే అంగట్లో కొని రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు.

దీనికి వైద్యులు ఎక్కువగా రాసేవి అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. మొదటి రెండూ మనోవ్యాకులతకు, తక్కినవి మూర్ఛకు కూడా వాడతారు. ఆ సంగతి విని "నాకేమన్నా పిచ్చా?" అని చీటీ దాచిపెట్టేవారున్నారు. అనుమానం అక్కరలేదు. అవే మందులు నరం పంపే నొప్పి కబురును కూడా అణచుతాయి.

అమిట్రిప్టిలిన్ అయితే రాత్రిపూట 10 లేక 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి పనిచేయలేదని మానివేయడమే ఇక్కడ జరిగే పెద్ద నష్టం. నొప్పి పూర్తిగా పోకపోవచ్చు. సగానికి తగ్గి, రాత్రి కునుకు పట్టినా మేలే.

ఈ మందులు మగతనిస్తాయి. తెల్లవారుజామున లేచి పాలు పితికేవారు, క్యాన్లు కట్టుకొని మోటారు సైకిలు నడిపేవారు ఆ మాట వైద్యునికి ముందే చెప్పాలని మా సలహా. కల్లు, సారా వీటితో కలిస్తే ప్రమాదం. గుండెజబ్బు, నీటికాసులు ఉన్నవారు, మూత్రం కష్టంగా వచ్చే పెద్దలు అమిట్రిప్టిలిన్‌కు ముందు చెప్పుకోవాలి. మూత్రపిండాల జబ్బుంటే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మోతాదు తగ్గిస్తారు. ఏ మందునూ ఒక్కసారిగా ఆపరాదు.

పూర్తిగా మానిన చర్మంపై అంటించే లిడోకైన్ పట్టీలూ ఉన్నాయి. రోజుకు 12 గంటలకు మించి ఉంచకూడదు.

పొక్కులు కొత్తగా లేచినవారికి వేరే తొందర ఉంది. 72 గంటలలోపు ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెడితే పొక్కులు త్వరగా మానుతాయి. తర్వాతి నొప్పి రాదని మాత్రం హామీ లేదు. కంటి చుట్టూ, ముక్కు కొన మీద లేస్తే ఆ రోజే కంటి వైద్యునికి చూపించాలి.