రెండు బొమ్మల నడుమ ఉన్నదే కొలువు

భారతీయ యానిమేషన్ పరిశ్రమకు చిరకాలంగా ఉపాధి చూపినది ‘నడుమ బొమ్మల’ పని. పాత్ర కదలికలో ముఖ్యమైన భంగిమలను విదేశీ స్టూడియోలు నిర్ణయిస్తే, వాటి మధ్య బొమ్మలను గీసి రంగులద్దే బాధ్యతను హైదరాబాద్, ముంబయి, చెన్నై, తిరువనంతపురం స్టూడియోలు కాంట్రాక్టుపై చేపట్టాయి. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ క్షణాల్లో ముగించేది సరిగ్గా ఆ పనినే. అందువల్ల ఇక్కడి యువ కళాకారుల భవితవ్యం ఆ నడుమ కదలికను అదుపు చేయగల నేర్పుపై ఆధారపడుతోంది.

ఈ నేర్పు ఏమిటో ఒక బంతి చెబుతుంది. నాలుగడుగుల ఎత్తు నుంచి వదిలిన బంతి సుమారు అర సెకనులో నేలను తాకుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 12 ఫ్రేముల కాలం. తొలి, తుది స్థితులను కీఫ్రేములుగా ఇస్తే మిగిలినవి సాఫ్ట్‌వేర్ నింపుతుంది. సమవేగ పద్ధతి ఎంచుకుంటే బంతి ప్రతి మూడు ఫ్రేములకు 12 అంగుళాల చొప్పున, లిఫ్టు దిగినట్లు దిగుతుంది. వాస్తవంలో గురుత్వాకర్షణ వల్ల అది వరుసగా 3, 9, 15, 21 అంగుళాలు పడుతుంది. రెండింటి మొత్తం 48 అంగుళాలే అయినా, రెండో బంతికే బరువున్నట్లు కంటికి తోస్తుంది.

ఈ తేడాను సాధించే సాధనం గ్రాఫ్ ఎడిటర్. ఇందులో అడ్డంగా కాలం, నిలువుగా స్థానం కనిపిస్తాయి. కీఫ్రేముల వద్ద ఉండే పిడులను లాగి గీత వంపును మార్చవచ్చు. గీత నిటారుగా ఉన్నచోట వేగం, చదునుగా ఉన్నచోట నెమ్మది. అజాగ్రత్తగా వంచితే గీత హద్దు దాటి, నిలబడవలసిన పాత్ర పాదం నేలలోకి దిగబడుతుంది.

కంప్యూటర్ చేత నడుమ బొమ్మలు గీయించే ప్రయత్నం కొత్తది కాదు. కెనడాలో నెస్టర్ బర్ట్నిక్, మార్సెలి వీన్ రూపొందించిన విధానంతో పీటర్ ఫోల్డెస్ 1974లో ‘హంగర్’ లఘుచిత్రం తీశారు. మన దేశంలో అంతకు ముందే, 1956లో, ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో డిస్నీ కళాకారుడు క్లెయిర్ వీక్స్ శిక్షణ ఇచ్చారు. రామ్మోహన్ వంటివారు ఆ బడిలోనే చేతిగీత ద్వారా ఈ విద్యను అభ్యసించారు.

యానిమేషన్, గేమింగ్ రంగాల్లో యువతకు ఉపాధి అవకాశాలను పెంచేందుకు కార్యదళాన్ని నియమిస్తామని కేంద్ర ప్రభుత్వం 2022 బడ్జెట్‌లో ప్రకటించింది. అయితే మీటలు నొక్కడం నేర్పినంత మాత్రాన ఈ లక్ష్యం నెరవేరదు. ఏనుగు అడుగుకూ పిల్లి అడుగుకూ గల తేడాను గమనించి, దాన్ని గీత వంపులోకి తేగల కన్ను కావాలి. శిక్షణ సంస్థలు శ్రద్ధ పెట్టవలసింది అక్కడే.