గోడకు చెమట పడుతోందా? టైల్స్ పగలగొట్టే ముందు ఒక సెన్సర్ పెట్టి చూడండి

వానాకాలంలో సరూర్‌నగర్ వైపు అద్దె ఇళ్లలో ఒక గొడవ మామూలే. గోడ మీద నల్ల మచ్చలు కనిపిస్తే అద్దెకున్నవాళ్లు "లీకేజీ" అంటారు. ఓనర్లేమో "మీరే తడిబట్టలు లోపల ఆరేస్తున్నారు" అంటారు. ఇక్కడ నీళ్లంటే ఉన్న భయం ఊరికే వచ్చింది కాదు. 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి, కింది కాలనీలు మునిగాయి. అందుకే గోడ కాస్త తడిసినా ముందు చెరువు గుర్తొస్తుంది, తర్వాత పైపు గుర్తొస్తుంది. గదిలో ఉన్న గాలి మాత్రం ఎవరికీ గుర్తురాదు. కొన్నిసార్లు ఆ నీళ్లు వచ్చేది గాలి నుంచే. దాని పేరే కండెన్సేషన్.

మేం ముగ్గురం ఉండే రెండో అంతస్తు ఫ్లాట్‌లో గత వానాకాలం ఈ గొడవ డిపాజిట్ దాకా వెళ్లింది. హాల్లో బీరువా వెనక గోడంతా ఫంగస్. మా రూమ్మేట్‌కు చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడకం పెరిగింది. ఓనర్ అంకుల్ వచ్చి చూసి, "బాత్రూమ్ పైపే బాబూ, టైల్స్ పగలగొట్టాల్సిందే. సగం ఖర్చు మీ డిపాజిట్‌లో పట్టుకుంటా" అన్నారు. కోడ్‌లో బగ్ వస్తే ముందు లాగ్స్ చూస్తాం కదా. గోడకీ అదే పని చేద్దామని ఆయన్ని రెండు వారాలు ఆగమన్నాను.

ముందు లెక్క అర్థం చేసుకుందాం

గాలి వేడిగా ఉంటే ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది, చల్లబడితే తక్కువ. ఏ టెంపరేచర్ దగ్గర ఆవిరి నీళ్లుగా మారడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. దీనికో ఈజీ ఫార్ములా ఉంది: 100 నుంచి హ్యుమిడిటీ శాతం తీసేయండి, వచ్చినదాన్ని 5తో భాగించండి, ఆ అంకెను గది టెంపరేచర్ నుంచి తీసేయండి. హ్యుమిడిటీ 50 శాతం పైన ఉన్నప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది.

ఉదాహరణకు గది 28 డిగ్రీలు, హ్యుమిడిటీ 85 శాతం అనుకోండి. 15ను 5తో భాగిస్తే 3. అంటే డ్యూ పాయింట్ 25 డిగ్రీలు. ఆ గదిలో 25 కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా చెమట పడుతుంది. అది కూల్‌డ్రింక్ బాటిల్ కావచ్చు, కిటికీ అద్దం కావచ్చు, గోడ కావచ్చు.

ఏం గ్యాడ్జెట్స్ కావాలి?

ఫోన్‌తో పని కాదు. 2013లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్4లో హ్యుమిడిటీ సెన్సర్ ఉండేది, కానీ ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోన్లలో అది దాదాపు కనిపించదు. వెదర్ యాప్ చూపించేది బయటి గాలి సంగతి, మీ హాల్ సంగతి కాదు.

• డిజిటల్ హైగ్రోమీటర్: కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. బ్లూటూత్‌తో హిస్టరీ చూపించే మోడల్ అయితే ఇంకా మంచిది.

• సొంతంగా చేసుకునేవాళ్లకు: ఈఎస్‌పీ32 బోర్డు, డీహెచ్‌టీ22 సెన్సర్. చవగ్గా వస్తుందని డీహెచ్‌టీ11 తీసుకోకండి. అందులో టెంపరేచర్ 2 డిగ్రీలు, హ్యుమిడిటీ 5 శాతం దాకా అటూ ఇటూ అవుతాయి. డీహెచ్‌టీ22లో ఆ తేడా అర డిగ్రీ, 2 శాతం దగ్గర ఉంటుంది. డ్యూ పాయింట్ లెక్కకు ఈ తేడా చాలా ముఖ్యం.

• ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్: గోడ టెంపరేచర్ చూడటానికి. కోవిడ్ టైమ్‌లో కొన్న నుదుటి థర్మామీటర్‌లో సర్ఫేస్ మోడ్ ఉంటే అదే చాలు.

సెన్సర్ కరెక్ట్‌గా చెప్తోందా అని ఇంట్లోనే టెస్ట్ చేయొచ్చు. సీసా మూతలో ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్లతో ముద్దలా తడపండి. దాన్నీ సెన్సర్‌నీ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవర్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత ఆఫ్‌సెట్‌గా కోడ్‌లో సరిచేసుకోండి.

లాగ్స్ ఏం చెప్పాయి?

హాల్లో రాత్రిపూట 28 డిగ్రీలు, 85 శాతం. అంటే డ్యూ పాయింట్ 25. బీరువా వెనక గోడ 23.5. ఇక చెమట పట్టకుండా ఎలా ఉంటుంది?

హాల్ గోడ అంత చల్లగా ఎందుకుందంటే, దాని అవతలే ఏసీ బెడ్‌రూమ్. మధ్యలో ఉన్నది నాలుగున్నర ఇంచుల ఇటుక గోడ. అటువైపు ఏసీ 18 మీద రాత్రంతా నడుస్తోంది. ఖాళీగా ఉన్న గోడకైతే హాల్ గాలి తగిలి కాస్త వేడెక్కుతుంది. బీరువా అడ్డంగా ఉన్నచోట గాలి తిరగదు, అందుకే అక్కడ ఇంకా చల్లగా ఉంది. ఫంగస్ బీరువా సైజులోనే రావడానికి కారణం ఇదే.

లాగ్స్ ఒక్కటే నమ్మలేదు, ఫాయిల్ టెస్ట్ కూడా చేశాం. గోడ తుడిచి, అడుగు సైజు అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగు వైపులా టేప్‌తో అతికించి రెండు రోజులు ఉంచాలి. పైన, అంటే గది వైపు తడిస్తే కండెన్సేషన్. వెనక, అంటే గోడ వైపు తడిస్తే సీపేజీ. బీరువా వెనక పైవైపే తడిసింది. బాత్రూమ్ మూల దగ్గర పెట్టిన రెండో ఫాయిల్ మాత్రం వెనకవైపు తడిసింది. అంటే ఆ మూలలో నిజంగానే పైపు లీకేజీ ఉంది, కానీ హాల్ గోడకూ దానికీ సంబంధం లేదు.

ఇన్ని నీళ్లు గాలిలోకి ఎక్కడివి?

వాషింగ్ మెషిన్‌లోంచి తీసిన 5 కిలోల బట్టల్లో స్పిన్ అయ్యాక కూడా రెండు లీటర్ల పైనే నీళ్లుంటాయి. హాల్లో స్టాండ్ మీద ఆరేస్తే అవన్నీ హాల్ గాలిలోకే వెళ్తాయి. ఇంకొకటి చాలామందికి తెలీదు. గ్యాస్ మండినప్పుడు కూడా నీళ్లు పుడతాయి. కిలో ఎల్‌పీజీ మండితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి సుమారు 22 లీటర్లు! చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ గానీ లేకపోతే అదంతా ఇంట్లోనే తిరుగుతుంది.

మేం చేసిన ఫిక్స్

1. ఏసీ 18 నుంచి 26కి మార్చి, సీలింగ్ ఫ్యాన్ వేశాం. బీఈఈ రూల్ ప్రకారం 2020 జనవరి నుంచి కొత్త ఏసీల డిఫాల్ట్ 24 డిగ్రీలు. 26తో గోడ 27 డిగ్రీల దాకా వచ్చింది.

2. అంతటితో ఆపితే సరిపోదు. డ్యూ పాయింట్ ఇంకా 25 దగ్గరే ఉంటే, 27 డిగ్రీల గోడ పక్కన గాలి హ్యుమిడిటీ 90 శాతం దగ్గర ఉంటుంది. నీళ్లు కనిపించకపోయినా ఫంగస్‌కు అది చాలు. అందుకే బట్టల స్టాండ్ బాల్కనీలోకి మారింది. వంట చేసేటప్పుడు, ఆ తర్వాత పావుగంట ఎగ్జాస్ట్ ఆన్‌లో ఉంచాం. హాల్ 75 శాతానికి, డ్యూ పాయింట్ 23కి దిగాయి.

3. బీరువాను గోడకు నాలుగు ఇంచులు ఎడంగా జరిపాం.

4. ఫంగస్‌ను పొడిగుడ్డతో దులపలేదు. దులిపితే అది గాలిలోకి లేస్తుంది. మాస్క్ పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, గోడ ఆరనిచ్చాం. ఆ పనికి ఆయాసం ఉన్న రూమ్మేట్‌ను దగ్గరికి రానివ్వలేదు.

డీహ్యుమిడిఫయర్ కొనాలా? కంప్రెసర్ మోడల్ బాగా పనిచేస్తుంది కానీ పదివేలు దాటుతుంది. అరచేతి సైజు పెల్టియర్ మోడల్స్ హాల్‌కు ఎందుకూ పనికిరావు. వాటిని అల్మరాకో కెమెరా డబ్బాకో వాడుకోవచ్చు.

మీ గ్యాడ్జెట్స్ సంగతి

18 డిగ్రీల గదిలో ఉన్న ఫోన్‌ను, కెమెరాను ఒక్కసారిగా వానాకాలం బాల్కనీలోకి తెస్తే లెన్స్ మసకబారుతుంది. ఐపీ68 ఉంది కదా అనుకోకండి. ఆ టెస్ట్ బయటి నీళ్ల కోసం, లోపల ముందే ఉన్న ఆవిరికి అది అడ్డు కాదు. బయటికి తెచ్చే ముందు కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి, ఇరవై నిమిషాలు ఆగి తీయండి. చార్జింగ్ పోర్టులో తడి ఉందని వార్నింగ్ వస్తే బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఆపిల్ కూడా వద్దనే చెప్తోంది. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, ఫ్యాన్ కింద కనీసం అరగంట వదిలేయండి.

మా తీర్పు

రెండు వారాల గ్రాఫ్, రెండు ఫాయిల్ ముక్కలు చూశాక ఓనర్ అంకుల్ హాల్ గోడ జోలికి రాలేదు. బాత్రూమ్ మూల పైపు మాత్రం తన ఖర్చుతోనే బాగు చేయించారు. డిపాజిట్ అలాగే ఉంది. ఇన్‌హేలర్ వాడకం తగ్గింది, అయితే అది గోడ వల్లేనని నేను చెప్పలేను, డాక్టర్ చెప్పాలి. వాన మొదలవగానే బీరువా వెనక ఒకసారి టార్చ్ వేసి చూడండి. మచ్చ కనిపిస్తే ముందు ఫాయిల్, తర్వాత సెన్సర్, ఆ తర్వాతే మేస్త్రీ.