మైన్‌క్రాఫ్ట్‌లో పాత ఇంటికి తిరిగొస్తే

ఎనిమిదో తరగతిలో మైన్‌క్రాఫ్ట్‌లో కోట కట్టి, పదో తరగతి పరీక్షలని ఆట మానేసిన కుర్రాడు ఇంజినీరింగ్‌లో చేరాక మళ్ళీ దాన్ని తెరిచాడనుకోండి. వాడి మొదటి ప్రశ్న ఒకటే: నా కోట ఉందా? చాలాసార్లు ఉంటుంది. ఉన్నా, ఆ కోటలో వాడు పాతవాడిలా తిరగలేడు. మనం లేని కాలం ఈ ఆటలో అన్నిచోట్లా ఒకేలా గడవకపోవడమే దీనికి కారణం. మనం కట్టిన నేల మీద కాలం కదలదు. ఆట నియమాలు మాత్రం ఏటా మారుతూనే ఉంటాయి. పదిమందితో కలిసి సర్వర్‌లో ఆడినవాడికైతే బయటి లోకంలో గడిచినంత కాలమూ అక్కడా గడిచిపోతుంది. తిరిగొచ్చినవాళ్ళు తికమకపడేది ఈ తేడా తెలియకే.

ఆట తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009 మేలో దీన్ని తొలిసారి జనంలోకి వదిలాడు. పూర్తి రూపం 2011 నవంబరులో వచ్చింది. దీన్ని తయారుచేసే మొజాంగ్ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2014లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2023 అక్టోబరు నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. ఈ ఆటలో లోకమంతా మీటరు కొలతల ఘనపు బ్లాకులే. మట్టి, రాయి, చెక్క, ఇసుక ఏదైనా సరే తవ్వి తెచ్చుకోవాలి, పేర్చి కట్టుకోవాలి. చంపాల్సిన డ్రాగన్ ఒకటి ఉంది గానీ, దాని మొహం చూడకుండానే ఏళ్ళ తరబడి ఇళ్ళు కట్టుకుంటూ గడిపేవాళ్ళు బోలెడుమంది.

ఇంత పెద్ద లోకాన్ని ఆట ముందే తయారుచేసి పెట్టుకోదు. మనం నడిచేకొద్దీ 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పున్న ముక్కలుగా పుట్టించుకుంటూ పోతుంది. ఈ ముక్కనే చంక్ అంటారు. ఒకసారి పుట్టిన చంక్ మనం చేసిన మార్పులతో సహా ఫైల్‌లోకి ఎక్కుతుంది. దగ్గరలో ఆటగాడు ఎవరూ లేకపోతే అది ఉన్నది ఉన్నట్టు ఆగిపోతుంది. అప్పుడు గోధుమ పెరగదు, కొలిమి మండదు, దొడ్లో ఆవు అడుగు కదపదు.

ఇది ఎంత దూరం పోతుందో చూడండి. చచ్చినప్పుడు చేతిలోంచి కిందపడ్డ సామాను 5 నిమిషాల్లో మాయమవుతుందని ఆడేవాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ 5 నిమిషాల లెక్క ఆ చంక్ నడుస్తున్నంతసేపే. 2017లో ఒకడు ఏదో గుహలో, తన మంచానికి చాలా దూరంలో చచ్చి, ఒళ్ళుమండి ఆట కట్టేశాడనుకుందాం. వాడి వజ్రపు కత్తి ఆ గుహలో ఇంకా అలాగే పడి ఉంటుంది. దానికి మిగిలిన నాలుగైదు నిమిషాల ఆయుష్షూ అలాగే ఉంటుంది. వాడు మళ్ళీ ఆ దరిదాపులకు వెళ్ళిన క్షణం నుంచే గడియారం కదులుతుంది. చిక్కల్లా ఆ గుహ ఎక్కడో గుర్తుండకపోవడమే. మామూలు దిక్సూచి ఆట మొదలైన చోటును చూపిస్తుంది తప్ప మన ఇంటిని కాదు. చచ్చిన చోటును చూపించే రికవరీ కంపాస్ 2022లో వచ్చింది గానీ, అంతకు ముందరి చావులు దానికి తెలియవు.

నేల అలా ఆగిపోతే, ఆట తయారుచేసేవాళ్ళు మాత్రం ఆగలేదు. వాళ్ళు చేసిన మార్పుల్లో తిరిగొచ్చినవాణ్ని అన్నిటికంటే గట్టిగా తాకేది 2021 నవంబరు 30న వచ్చిన 1.18 అప్‌డేట్. అంతకుముందు లోకం మొత్తం ఎత్తు 256 బ్లాకులు. అన్నిటికంటే అడుగున, సున్నా ఎత్తు దగ్గర, ఏ పలుగుకూ లొంగని రాతి పొర ఉండేది. తవ్వకం అక్కడితో సరి. ఈ అప్‌డేట్ పైన 64, కింద 64 కలిపి మొత్తం ఎత్తును 384 చేసింది. మరి 2015లో కట్టిన ఇల్లు ఏమైంది? ఒక్క ఇటుక కదల్లేదు. దాని కింది పాత రాతి పొరను మాత్రం తీసేసి, ఆ అడుగున 64 బ్లాకుల లోతున కొత్త రాయి, కొత్త గుహలు, కొత్త ఖనిజాలు చేర్చారు. పాత వరల్డ్ తెరిచి, తన నేలమాళిగలోంచి మునుపు ఆగిపోయిన చోట తవ్వి చూస్తే పలుగు దిగుతూనే పోతుంది. ఈ ఆటకు వచ్చిన అప్‌డేట్లన్నిటిలో నాకు ముచ్చటేసేది ఇదే. ఒకరు కట్టుకున్నదాన్ని ముట్టుకోకుండా దాని కింద కొత్త లోకం పెట్టడం చిన్న పనేం కాదు.

ఈ మార్పుతోనే వజ్రాల లెక్కా తిరగబడింది. పాత ఆటగాళ్ళకు 11వ మెట్టు, అంటే సున్నా నుంచి 11 బ్లాకుల ఎత్తు, కంఠతా వచ్చు. అక్కడ నిలబడి అడ్డంగా సొరంగం తవ్వుకుంటూ పోతే వజ్రాలు దొరికేవి, లావా మడుగుల్లో పడే ప్రమాదం కూడా తక్కువ. ఇప్పుడు ఎంత లోతుకు పోతే వజ్రాలు అంత ఎక్కువ. మైనస్ 50లు దాటితే గానీ గిట్టుబాటు కాదు. పాత అలవాటుతో 11 దగ్గరే గంటలు గంటలు తవ్వి, ఆట చెడిపోయిందని తిట్టుకునేవాళ్ళకు చెప్పాల్సిన మాట ఇదే: ఆట బాగానే ఉంది, మీరు ఆగిన మెట్టు పాతది.

కొత్త సరుకు కనబడకపోవడానికీ కారణం చంకులే. 2023 జూన్‌లో గులాబీ రంగు చెర్రీ తోపులు వచ్చాయని విని, ఇంటి చుట్టూ ఎంత తిరిగినా ఒక్క చెట్టూ కనబడదు. అదంతా ఎప్పుడో పుట్టి ఫైల్‌లో నిలిచిపోయిన నేల. కొత్త అడవులు, కొత్త కట్టడాలు కావాలంటే మునుపు మీరు అడుగుపెట్టని చోటుకు పోవాలి. 1.18కు ముందు ఇలా పాతదీ కొత్తదీ కలిసే హద్దు చూడటానికి విడ్డూరంగా ఉండేది. ఎడారి పక్కనే సముద్రం, కొండ సగంలో నిటారుగా తెగిపోయి ఉండటం. ఇప్పుడు ఆ అతుకులు కనబడకుండా ఆటే సర్దుతోంది.

మరికొన్ని మార్పులు ప్రాణం మీదికి తెస్తాయి. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో 2016 ఫిబ్రవరి నుంచి కత్తిని టకటకా నొక్కితే దెబ్బకు బలం ఉండదు. ఒక్కో వేటుకూ కాస్త ఆగాలి. ఫోన్లలో, ఇతర పరికరాల్లో నడిచే బెడ్‌రాక్ ఎడిషన్‌కు ఈ నియమం పెట్టలేదు కాబట్టి అక్కడివాళ్ళకు తేడా తెలియదు. 2018లో ఫాంటమ్ అనే ఎగిరే దయ్యాలొచ్చాయి. ఆటలో మూడు రోజులు, అంటే మన లెక్కలో గంటసేపు, నిద్రపోకుండా ఉంటే రాత్రిపూట ఆకాశంలోంచి దిగి మీద పడతాయి. నిద్ర మాని పొద్దస్తమానం కట్టుకుంటూ కూర్చున్న పాతకాపులు వీటి చేతిలోనే ముందుగా దెబ్బతింటారు.

ఇదంతా లోపలికి వెళ్ళగలిగినవాళ్ళ సంగతి. గడపలోనే ఆగిపోయినవాళ్ళ కథ వేరు. జావా ఎడిషన్‌ను పాత పద్ధతిలో కొన్నవాళ్ళంతా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు మారాలని 2020 అక్టోబరులో ప్రకటించారు. 2023 సెప్టెంబరు 19న ఆ గడువు ముగిసింది. ఈలోగా మారనివాళ్ళు ఆడాలంటే ఆటను మళ్ళీ కొనుక్కోవాల్సిందే. ఆట మానేసి, పాత ఈమెయిల్ చూడటం కూడా మానేసినవాడికి ఈ కబురు ఎలా అందుతుంది? డబ్బిచ్చి కొన్న వస్తువును అలవాటు తప్పినందుకు పోగొట్టుకోవడం నా లెక్కలో అన్యాయమే. ఇల్లు భద్రంగా ఉండి తాళంచెవి పనికిరాకుండా పోయినట్టు, వాళ్ళ వరల్డ్ ఫైళ్ళు కంప్యూటర్‌లో ‘సేవ్స్’ ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా ఉంటాయి. కొత్తగా కొన్న ఆటతో తెరిస్తే తెరుచుకుంటాయి కూడా.

సర్వర్‌లో ఆడినవాళ్ళకు ఆ ఊరటా లేదు. సర్వర్ ఆటగాణ్ని పేరును బట్టి కాదు, అకౌంట్‌కు ఉన్న పొడవాటి గుర్తింపు సంఖ్యను బట్టి పోలుస్తుంది. ఆటను మళ్ళీ కొని పాతపేరే పెట్టుకున్నా అక్కడ మీరు కొత్త మనిషే. మీ పెట్టెలకు మీరేసిన తాళాలు మీకే తెరుచుకోవు. పైగా చాలా సర్వర్లలో కొన్నాళ్ళు కనబడకపోతే మీ స్థలానికున్న రక్షణ పోతుంది. ఆ తర్వాత ఎవరైనా వచ్చి గోడలు పడగొట్టొచ్చు, సామాను ఎత్తుకెళ్ళొచ్చు. కొన్నిచోట్ల మ్యాప్ మొత్తాన్నే చెరిపి మళ్ళీ మొదలుపెడతారు. అద్దె కట్టే యజమాని చేతులెత్తేస్తే సర్వరే ఉండదు. మైక్రోసాఫ్ట్ సొంతంగా అద్దెకిచ్చే రియల్మ్స్‌లో మాత్రం చందా ఆగాక 18 నెలల వరకు వరల్డ్‌ను ఉంచుతారు.

ఇందుకు భిన్నంగా 2బి2టి అనే సర్వర్ 2010 డిసెంబరు నుంచి ఒక్కసారీ చెరపకుండా నడుస్తోంది. అక్కడ నియమాలు లేవు, కూల్చడానికి అడ్డూ లేదు. ఆట మొదలయ్యే చోటు చుట్టూ ఏళ్ళ తరబడి జరిగిన పేలుళ్ళ గోతులే. పాత కట్టడం ఏదైనా మిగిలిందంటే అది లక్షల బ్లాకుల దూరంలో ఉండి ఎవరి కంటా పడకపోవడం వల్లే. నలుదిక్కులా మూడేసి కోట్ల బ్లాకుల వరకు పరుచుకున్న లోకంలో దాక్కోవడానికి చోటుకు కొదవ లేదు.

కాబట్టి తిరిగి వెళ్ళేవాళ్ళు అప్‌డేట్ల జాబితా చదువుతూ కూర్చోనక్కర్లేదు. ముందు పాత వరల్డ్‌కు కాపీ తీసుకోండి. జావాలో పాత వరల్డ్ తెరవబోతే ఆటే హెచ్చరించి, బ్యాకప్ తీయమంటారా అని అడుగుతుంది. వద్దనకండి, కొత్త వెర్షన్‌లో తెరిచాక దాన్ని పాత వెర్షన్‌కు మళ్ళించడం కుదిరే పని కాదు. కాపీ తీశాక ఇంటికి వెళ్ళి, ఒక రాత్రి నిద్రపోయి, తర్వాత కిందికి తవ్వండి.

మన దగ్గర పిల్లలు ఎక్కువగా ఫోన్‌లో, ట్యాబ్‌లో ఆడతారు కాబట్టి తల్లిదండ్రులకూ ఒక మాట. ఆండ్రాయిడ్‌లో వరల్డ్‌ను యాప్ స్టోరేజ్‌లోనే ఉంచి ఉంటే, ఆట అన్ఇన్‌స్టాల్ చేసిన మరుక్షణం అది పోతుంది, మళ్ళీ రాదు. స్థలం చాలడం లేదనో, పాత ట్యాబ్ ఎవరికో ఇచ్చేద్దామనో ఆటను తీసేసే ముందు పిల్లవాణ్ని అడగండి. వరల్డ్ సెట్టింగుల్లో ‘ఎక్స్‌పోర్ట్ వరల్డ్’ నొక్కితే అదంతా ఒక్క ఫైల్‌గా వస్తుంది. దాన్ని గూగుల్ డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచి, ఆ తర్వాతే యాప్ తీసేయండి.